పొగ నింపినా ఖాళీ అయ్యే సమయం పెద్దగా పెరగట్లేదా? తప్పు ఇక్కడుంది

తమ్మీ, పొగ నిండిన హనుమకొండ ఫంక్షన్ హాల్‌లోంచి జనం బయటపడే కంప్యూటర్ సిమ్యులేషన్‌లో నడక వేగం తగ్గించినా ఫలితం దాదాపు అట్లనే ఉందన్నవ్ కదా. నీ కోడ్‌లో ప్రతి మనిషికీ తలుపు ఎక్కడుందో ముందే తెలుసు. అందుకే అందరూ సూటిగా తలుపు కాడికే పోయి క్యూ కడుతున్నరు, సమయాన్ని ఆ క్యూనే నిర్ణయిస్తోంది.

ముందు చూపు దూరం పెట్టు. పొగ క్షీణత గుణకంతో (పొగ వెలుతురును మీటరుకు ఎంత తగ్గిస్తదో చెప్పే సంఖ్యతో) తలుపు కాడి మామూలు ఎగ్జిట్ బోర్డుకైతే 3ను, వెలిగే బోర్డుకైతే 8ని భాగించు. గుణకం మీటరుకు 1.5 అయితే మామూలు బోర్డు 2 మీటర్ల దాకే కనబడుతది. ఆ దూరంలో తలుపు ఉంటేనే దిశ ఇయ్యి. లేకుంటే దగ్గరి గోడ పట్టుకొని నడవాలె, కనబడే పక్కవాళ్ల సగటు దిశను కొంత కలపాలె. ఆ సగటు దిశకు 0.4 బరువుతో (ప్రాధాన్యంతో) మొదలుపెట్టు. 1 పెడితే గుంపంతా ఒక్క దిక్కే పోతది, లేదా గుండ్రంగా తిరుగుతది.

ఎడమనా, కుడినా అన్నది గోడ తాకినప్పుడు ఒక్కసారే ఎంచి దాచిపెట్టు. ప్రతి 0.01 సెకనుకూ మళ్లీ ఎంచితే మనిషి అక్కడే వణుకుతడు. స్తంభం పట్టుకున్నోడు దాని చుట్టే తిరుగుతుంటడు, ఒక చుట్టు పూర్తయితే వదిలిపించు.

అతిథులకు వచ్చిన తలుపే గుర్తుంటది. వెనక వంటశాల తలుపు వంటోళ్లకే తెలుసు, అది మిగతావాళ్ల జ్ఞాపకంలోంచి తీసెయ్. ఒక్క రన్ నమ్మకు. వేరువేరు సీడ్లతో (యాదృచ్ఛిక సంఖ్యలను మొదలుపెట్టే విలువలతో) కనీసం 30 నడిపి, సగటుతో పాటు 95వ శాతాంశం (నూటికి 95 రన్లు ఏ సమయంలోపు ముగుస్తయో అది) కూడా చూడు.