క్లాసులో వచ్చింది, రేపటికి ఉంటుందా?

చిరంజీవికి ఆశీస్సులు.

వచ్చే నెల నుంచి పాఠాలు చెప్పబోతున్నావు. పాఠ్యప్రణాళిక ఎలా రాయాలో శిక్షణలో నేర్పే ఉంటారు, దాని జోలికి పోను. పిల్లల మెదడు ఒక విషయాన్ని ఎలా పట్టుకుంటుంది, ఎలా జారవిడుస్తుంది, దాన్ని బట్టి నువ్వు ఏం చెయ్యాలి, అంతవరకే రాస్తాను.

ముందు ఒక ప్రశ్న మానెయ్యి: "అర్థమైందా?" అడగ్గానే క్లాసంతా "అర్థమైంది టీచర్" అని రాగం తీస్తుంది. వాళ్లు అబద్ధం చెప్పడం లేదు. లెక్క ఇంకా బోర్డు మీద ఉంది, నీ గొంతు ఇంకా చెవుల్లో ఉంది, అందుకని ఆ క్షణానికి అన్నీ తెలిసినట్టే ఉంటుంది. బోర్డు తుడిచేశాక ఏం మిగిలిందో రేపు గానీ బయటపడదు. నిన్ను మోసం చేసేది మొద్దు క్లాసు కాదమ్మా, సాఫీగా సాగిపోయిన క్లాసు.

కొత్త విషయం మొదట చేరేది చాలా ఇరుకైన చోటికి. దాన్ని తాత్కాలిక జ్ఞాపకం అనుకో. 1956లో మనస్తత్వవేత్త జార్జ్ మిల్లర్ అక్కడ ఏడు అంశాలు, అటూ ఇటూగా రెండు పడతాయన్నాడు. 2001లో నెల్సన్ కోవన్, లోలోపల వల్లెవేసుకునే వీలు లేకపోతే పట్టేవి నాలుగే అని చూపించాడు. చిన్నపిల్లలకు అంతకన్నా తక్కువ. ఉండే కాలమూ కొద్దే. 1959 నాటి ఒక ప్రయోగంలో మూడు అక్షరాలు చెప్పి, వెంటనే ఒక అంకె నుంచి మూడేసి తగ్గిస్తూ వెనక్కి లెక్కపెట్టమన్నారు. 18 సెకన్లు గడిచేసరికి ఆ అక్షరాలు దాదాపుగా పోయాయి.

అయితే ఒక అంశం ఎంత పెద్దదన్నది తెలిసినదాన్ని బట్టి ఉంటుంది. నిజమైన ఆటలోని చదరంగం బల్లను ఐదు సెకన్లు చూసి, ఆరితేరిన ఆటగాడు పావులన్నీ దాదాపుగా తిరిగి పెట్టేస్తాడు. అవే పావుల్ని అడ్డదిడ్డంగా చల్లితే అతని గొప్ప చాలావరకు మాయమవుతుంది. అతని బుర్రలో చోటు మనకన్నా ఎక్కువేం లేదు. నాలుగైదు పావుల అమరిక అతనికి ఒకే ముద్ద, మనకు నాలుగైదు విడి పావులు. ఎక్కాలు ఎందుకు రావాలో ఇక్కడ తెలుస్తుంది. ఏడెనిమిదులు ఎంతో ఆలోచించుకోవాల్సి వచ్చే పిల్లవాడు భాగహారం చేస్తుంటే ఆ నాలుగు గడుల్లో రెండు ఎక్కానికే పోతాయి. పద్ధతి నేర్చుకోవడానికి ఇక చోటేది? బట్టీ వద్దే వద్దు అనేవాళ్ల మాట సగమే నిజం.

దీన్ని పట్టుకుని నాలుగు అలవాట్లు చేసుకో. పిల్లలు బోర్డు చూసి రాసుకుంటున్నప్పుడు నోరు కట్టేసుకో. రాస్తూ వినడం వాళ్ల వల్ల కాదు, రెండూ పాడవుతాయి. బొమ్మ వేస్తే భాగాల పేర్లు బొమ్మ మీదే రాయి. పక్కన అంకెల పట్టిక పెడితే బొమ్మకూ పట్టికకూ మధ్య కళ్లు తిప్పడానికే శక్తి అంతా ఖర్చవుతుంది. తెర మీద వాక్యం చూపిస్తూ అదే వాక్యాన్ని చదవకు. పని చెప్పేటప్పుడు మూడు మెట్లు దాటితే బోర్డు మీద రాసిపెట్టు. "వీడు వినడు" అని నువ్వు విసుక్కునే పిల్లవాడు చాలాసార్లు విన్నాడు, నాలుగో మాట చెప్పేసరికి మొదటిది జారిపోయింది, అంతే.

కొత్త రకం లెక్క మొదలుపెట్టినప్పుడు "మీరే ప్రయత్నించండి" అని వదిలెయ్యకు. దారి తెలియని వాడు వెతుకులాటలోనే ఆ చోటంతా నింపుకుంటాడు. జవాబు దొరికినా పద్ధతి నిలవదు. 1985లో స్వెల్లర్, కూపర్ బీజగణితం మీద చేసిన పనిలో, చేసి చూపిన లెక్కల్ని శ్రద్ధగా చదివినవాళ్లు, అన్నీ సొంతంగా చేసినవాళ్లకంటే తక్కువ సమయంలో అదే తరహా లెక్కలు నేర్చుకున్నారు. కాబట్టి మొదటి లెక్క ప్రతి మెట్టుకూ కారణం చెబుతూ పూర్తిగా చేసి చూపు. రెండోదాన్ని చివరి మెట్టు ఖాళీగా ఉంచి ఇవ్వు. మూడోదాంట్లో చివరి రెండు, అలా తీసుకుంటూ పోయి ఐదో లెక్క మొత్తం వాళ్లకే వదులు. మధ్యలో "ఈ మెట్టు ఎందుకు?" అని అడుగుతుండు, లేకపోతే చూచిరాతే మిగులుతుంది. ఒక జాగ్రత్త: పద్ధతి వచ్చేసిన పిల్లలకు ఇంకా చేసి చూపుతూ కూర్చుంటే అది అడ్డమే అవుతుంది. వాళ్లకు నేరుగా లెక్కలివ్వు.

ఇక అసలు సంగతికి వస్తాను. చెప్పడం కంటే చెప్పించడం వల్ల ఎక్కువ నిలుస్తుంది. 2006లో రోడిగర్, కార్పికే కాలేజీ విద్యార్థులకు ఒక వ్యాసం ఇచ్చారు. కొందరు దాన్ని రెండుసార్లు చదివారు. మిగతావాళ్లు ఒకసారి చదివి, తర్వాత చూడకుండా గుర్తున్నంత రాశారు. ఐదు నిమిషాల తర్వాత పరీక్ష పెడితే రెండుసార్లు చదివినవాళ్లదే పైచెయ్యి: వాళ్లకు 81 శాతం గుర్తుంది, చదివి రాసినవాళ్లకు 75. వారం తర్వాత తారుమారు: చదివి రాసినవాళ్లకు 56 శాతం గుర్తుంది, రెండుసార్లు చదివినవాళ్లకు 42. ఒక జ్ఞాపకాన్ని తవ్వి బయటకు తీసిన ప్రతిసారీ ఆ దారి గట్టిపడుతుంది. పుస్తకం తెరిచి మళ్లీ చదివితే ఆ తవ్వకం జరగదు, "ఆ, ఇది నాకు తెలుసు" అన్న గుర్తింపు ఒక్కటే కలుగుతుంది.

పాతకాలపు ఒప్పజెప్పడంలో ఈ సారం ఉంది. కాకపోతే ఒక్కడు ఒప్పజెబుతుంటే మిగతా ముప్ఫైమంది గోడలు చూసేవాళ్లు. నువ్వు ఇలా చెయ్యి. క్లాసు మొదటి ఆరేడు నిమిషాలు పుస్తకాలు మూయించి నాలుగు ప్రశ్నలు అడుగు: రెండు నిన్నటి పాఠంలోవి, ఒకటి పోయిన వారానిది, ఒకటి పోయిన నెలది. ప్రతి ఒక్కరూ చిన్న స్లిప్పు మీద రాయాలి. వెంటనే జవాబులు చెప్పు, ఎవరిది వాళ్లే దిద్దుకుంటారు. మార్కులు వేశావో, చెడిపోయింది: పిల్లలు పక్కవాడి కాగితంలోకి తొంగిచూస్తారు, భయంతో ఆ చిన్న చోటు కూడా నిండిపోతుంది. జవాబులు చెప్పకుండా వదిలేసినా కష్టమే, రాసిన తప్పే రేపు గుర్తొస్తుంది. ఐదుగురిలో నలుగురికి వచ్చేంత తేలిగ్గా ఉండాలి ప్రశ్నలు. సగం క్లాసు తెల్లకాగితం ఇస్తే అది వాళ్ల బద్ధకం అనుకోకు, నువ్వు పాఠం మళ్లీ చెప్పాలి.

నోటితో అడిగేటప్పుడు ముందు ప్రశ్న, తర్వాత విరామం, ఆ తర్వాతే పేరు. పేరు ముందు పిలిస్తే మిగతావాళ్లు ఆలోచించడం ఆపేస్తారు. ప్రశ్నకూ జవాబుకూ మధ్య టీచర్లు సగటున ఆగేది ఒక్క సెకను అని మేరీ బడ్ రోవ్ 1970ల్లో లెక్కకట్టింది. మూడు సెకన్లు ఆగితే జవాబులు పొడవయ్యాయి, మాట్లాడని పిల్లలూ మాట్లాడారు. మూడు సెకన్లంటే మొదట్లో యుగంలా ఉంటుంది. మనసులో లెక్కపెట్టుకో.

మరపు మాట. 1885లో ఎబింగ్‌హాస్ అనే జర్మన్ మనస్తత్వవేత్త అర్థంలేని అక్షరాల వరసలు తనే నేర్చుకుని తన మరపునే కొలిచాడు. మళ్లీ నేర్చుకునేటప్పుడు ఎంత సమయం ఆదా అవుతుందన్నది అతని కొలమానం. గంటకే ఆ ఆదా 44 శాతానికి దిగింది, రోజుకు 34, నెలకు 21. అర్థమున్న పాఠం ఇంత వేగంగా పోదు, కానీ గీత జారే తీరు అదే: మొదట నిట్టనిలువుగా, తర్వాత మెల్లగా. అందుకని మొదటి పునశ్చరణ మర్నాడే ఉండాలి. ఆ తర్వాత ఎడం పెంచుకుంటూ పో. 2008లో సెపెడా బృందం వెయ్యిమందికి పైగా జనంతో చూసినప్పుడు, పరీక్ష ఎంత దూరంలో ఉంటే మధ్య విరామం అంత ఎక్కువ కావాల్సి వచ్చింది. ఏడాది తర్వాత గుర్తుండాలంటే మూడు వారాల ఎడం మేలుగా తేలింది. నువ్వు మర్నాడు, వారానికి, మూడు వారాలకు అని పెట్టుకో, చాలు. రెండు పీరియడ్లు కలిపి ఒకే అంశం నూరిపొయ్యడం కంటే ఆ రెంటినీ రెండు రోజులకు పంచు. మధ్యలో ఒక రాత్రి నిద్ర పడుతుంది. పగలు హిప్పోక్యాంపస్‌లో, అంటే కొత్త జ్ఞాపకాల్ని నమోదు చేసే మెదడు భాగంలో, నమోదైన అనుభవాన్ని మెదడు నిద్రలో మళ్లీ ఆడించి చూసుకుంటుంది. ఎలుకల్లో ఈ సంగతి 1994లోనే కనిపెట్టారు.

హోంవర్కులో ఒకే రకం పదిహేను లెక్కలు ఇవ్వకు. వరసగా అదే రకం వస్తే మూడో లెక్క నుంచి పిల్లవాడు ప్రశ్న చదవడం మానేసి అంకెలు మారుస్తాడు. 2007లో రోరర్, టేలర్ ఘనపరిమాణం లెక్కలతో పోల్చి చూశారు. ఒక్కో రకం విడివిడిగా చేసినవాళ్లు అభ్యాసంలో 89 శాతం సరిగ్గా చేశారు, కలగలిపి చేసినవాళ్లు 60 మాత్రమే. వారం తర్వాత పరీక్షలో కలిపినవాళ్లకు 63, విడిగా చేసినవాళ్లకు 20. ఏ సూత్రం వాడాలో ఎంచుకోవడం కూడా నేర్చుకోవలసిన విద్యే కదా! పది లెక్కలిస్తే కొత్తవి నాలుగు, పాతవి ఆరు, వరస కలిపి. కొత్త పద్ధతి నేర్పిన రోజునే కలపకు, కాళ్లు నిలదొక్కుకోనివ్వు. మార్కులు కాస్త పడిపోతాయి, తల్లిదండ్రులు అడుగుతారు. ఈ అంకెలు చూపించు.

చెప్పగలగడం, చెయ్యగలగడం మెదడులో వేర్వేరు దారులు. 1953లో మూర్ఛ తగ్గడానికి హెన్రీ మొలైసన్ అనే రోగికి రెండు వైపులా హిప్పోక్యాంపస్‌లో చాలా భాగం తీసేశారు. ఆ తర్వాత అతనికి కొత్త సంఘటన ఏదీ గుర్తుండేది కాదు. అయినా అద్దంలో చూస్తూ నక్షత్రం గీయడం పరిశోధకురాలు బ్రెండా మిల్నర్ నేర్పితే, ముందు ఎప్పుడూ గీయలేదని అంటూనే రోజురోజుకీ బాగా గీశాడు. సంధి సూత్రం అప్పజెప్పిన పిల్ల రాతలో తప్పు చేస్తే "చెప్పావుగా, మరి ఇదేంటి" అని కోప్పడకు. సూత్రం వచ్చింది, చెయ్యి ఇంకా నేర్చుకోలేదు. దానికి వాక్యాలే రాయించాలి.

"వీడు చూసి నేర్చుకునే రకం, ఆమె విని నేర్చుకునే రకం" అని ఎవరైనా చీటీలు అంటిస్తే పట్టించుకోకు. 2008లో పాష్లర్ బృందం వెతికి చూస్తే ఆ రకాల్ని బట్టి బోధిస్తే లాభమని నిరూపించే గట్టి ఆధారం దొరకలేదు. మెదడులో పది శాతమే వాడతామన్నదీ ఒట్టి మాటే.

ఇవన్నీ మొదటి వారమే ఎత్తుకోకు. మొదటి నెల ఆ నాలుగు ప్రశ్నల స్లిప్పు ఒక్కటే చెయ్యి. స్లిప్పులు పారెయ్యకుండా తేదీ వేసి కట్టగట్టు, ఏ ప్రశ్న ఎక్కువమంది తప్పారో దాని మీద ఒక టిక్కు పెట్టుకో. మూడు వారాల తర్వాత అడగాల్సిన ప్రశ్నలు ఆ కట్టలోనే దొరుకుతాయి.

ఉంటాను.