‘రద్దు చేయు’, ‘ఉపసంహరించు’ ఒకటేనా?

రెండూ ఒకటి కావు. ‘రద్దు’ అరబ్బీ ‘రద్ద్’ నుంచి పారశీ, ఉర్దూల మీదుగా మనకు వచ్చింది; అక్కడ దాని మూలార్థం తిప్పి పంపడం, తిరస్కరించడం. తెలుగులో అది ‘చెల్లకుండా చేయడం’గా స్థిరపడి, గుంటూరు రిజిస్ట్రేషన్ కార్యాలయంలో ‘రద్దు దస్తావేజు’గా, విజయవాడ స్టేషన్‌లో ‘రైలు రద్దు’ ప్రకటనగా నిత్యం వినిపిస్తుంది.

‘ఉపసంహరించు’ సంస్కృతపదం: ‘హృ’ ధాతువుకు ఉప, సమ్ ఉపసర్గలు చేరి, చాచినదాన్ని దగ్గరకు లాక్కోవడమనే అర్థం ఇస్తుంది. భారతంలో అర్జునుడు తన అస్త్రాన్ని ఉపసంహరించగలిగాడు, అశ్వత్థామ ఉపసంహరించలేకపోయాడు. నా దృష్టిలో ఈ మాటకు అంతకన్న మంచి వ్యాఖ్యానం లేదు. తాను వదిలినదాన్ని తానే వెనక్కి తీసుకోవడం కాబట్టే వాడుకలో ‘కొను’ చేరి ‘ఉపసంహరించుకొను’ అవుతుంది. నామినేషన్‌ను వేసిన అభ్యర్థే ఉపసంహరించుకోవాలి. ప్రభుత్వ ఉత్తర్వునైతే, జారీ చేయని న్యాయస్థానం కూడా రద్దు చేయగలదు.

2016 నవంబరు 8న ప్రకటించింది 500, 1000 రూపాయల నోట్ల రద్దు: ఆ అర్ధరాత్రి నుంచి అవి చెల్లుబాటు కోల్పోయాయి. 2023 మే నెలలో ప్రకటించింది మాత్రం 2000 నోటు ఉపసంహరణ: చలామణీ నుంచి వెనక్కి తీసుకున్నా, దాని చట్టబద్ధమైన చెల్లుబాటును తొలగించలేదు. అప్పట్లో విజయవాడ బీసెంట్ రోడ్డు దుకాణాల్లో దాన్ని కూడా ‘రద్దయిన నోటు’ అనేవారు, అది సరికాదు.