ఆన్ చేయగానే ఫ్యూజు పోతున్న గిటార్ ఆంప్‌కు

తమ్ముడూ, స్విచ్ వేయగానే ఫ్యూజు పోతోంది, పెద్ద ఫ్యూజు వేయనా అని అడిగినావు. వద్దు, ట్రాన్స్‌ఫార్మర్ కాలిపోతుంది.

ప్లగ్గు తీసి, స్పీకర్ వైర్లు విప్పు. పెద్ద కెపాసిటర్లను 1 కిలో ఓమ్, 5 వాట్ల రెసిస్టర్‌తో డిశ్చార్జి చేసి, 2 వోల్టుల లోపుకొచ్చిందా అని మీటరుతో చూసుకో. ఆ తర్వాతే చెయ్యి పెట్టు.

మీటరు డయోడ్ మోడ్‌లో అవుట్‌పుట్ ట్రాన్సిస్టర్ల (స్పీకర్‌ను నడిపేవి) కలెక్టర్, ఎమిటర్ కాళ్ల మధ్య చూడు. అటూ ఇటూ ఎట్ల పెట్టినా బీప్ కొడితే షార్టే. నీ ట్రాన్సిస్టర్లు టిప్ 142, 147 (TIP142, TIP147) జత అన్నావు కదా, ఒకటే పోయినా రెండూ మార్చు. 0.22 ఓమ్ ఎమిటర్ రెసిస్టర్లు, బ్రిడ్జి డయోడ్లు (ఏసీని డీసీగా మార్చేవి) కూడా చూడు. ట్రాన్సిస్టర్ కింద కరెంటు తగలకుండా పెట్టే మైకా వాషరు చిట్లినా ఇదే గోల: హీట్‌సింక్‌కు (వేడి లాగే లోహపు పలక), కలెక్టర్‌కు మధ్య బీప్ రాకూడదు. కొత్త మైకాకు రెండు వైపులా హీట్‌సింక్ పేస్టు పల్చగా పూయి.

మళ్లీ కరెంటిచ్చేటప్పుడు 100 వాట్ల పాత ఫిలమెంటు బల్బు సిరీస్‌లో (కరెంటు బల్బు గుండానే ఆంప్‌కు పోయేలా) పెట్టు, ఎల్ఈడీ పనికిరాదు. వెలిగి మసకబారితే మంచిదే. అట్లే వెలుగుతుంటే షార్ట్ ఇంకా ఉంది. స్పీకర్ టెర్మినళ్ల దగ్గర డీసీ 50 మిల్లీవోల్టుల లోపుంటేనే స్పీకర్ తగిలించు.

అనంతపురం ఎండలకు ఫ్యాను జాలీలో దుమ్ము పేరుకుంటే కొత్త జత కూడా నిలవదు, ఇప్పుడే దులుపు.