ఒక పక్క తడి, ఒక పక్క పొడి

చిన్నా,

నిన్న నువ్వు పంపిన ఫోటోలు రాత్రి పెద్దనాన్న పడుకున్నాక మళ్ళీ ఒక్కొక్కటీ పెద్దది చేసి చూశాను. పొద్దున్నే మీ అమ్మ ఫోన్, అక్కా వీడు డాలస్‌లో కూర్చుని పురుగులు పెంచుతున్నాడంట, నువ్వే నేర్పావంట కదా అని. అవి పురుగులు కావే, ఐసోపాడ్‌లు అంటారు, డిప్ప ఉన్న చిన్న జీవాలు, రొయ్యలకీ పీతలకీ చుట్టాలు, నీళ్ళు వదిలి నేల మీదకొచ్చి స్థిరపడ్డ జాతి అని చెప్పాను. అది నమ్మిందో లేదో గానీ నువ్వు మాత్రం ఈ ముక్క గట్టిగా పట్టుకో, ఇప్పుడు నేను రాసేదంతా దాని చుట్టూనే తిరుగుతుంది. ఐసోపాడ్ ఊపిరి తీసుకునే భాగాలు పొట్ట కింద వెనకవైపు ఉంటాయి, మొప్పల్లాంటివే అవి, తడి ఆరిపోతే దానికి ఊపిరాడదు, అలాగని నీళ్ళలో మునిగిపోయినా చచ్చిపోతుంది. మరి దానికి కావాల్సింది ఏంటంటే ఎప్పుడు కావాలంటే అప్పుడు తడి వైపుకి నడిచెళ్ళి, చాలు అనుకుంటే పొడి వైపుకి వచ్చేసే వీలు.

నీ అద్దాల ట్యాంక్‌లో అదే లేదు నాన్నా. చూడ్డానికి ఎంతో బాగుంది, ఆ బెరడు ముక్క పెట్టిన తీరు నాకు బాగా నచ్చింది, కానీ నాచు ఈ మూల నుంచి ఆ మూల దాకా పరిచేశావు, అద్దమంతా ఆవిరి పట్టి కారుతోంది, మూతకి కన్నాలు కనపడలేదు. రోజూ రెండు పూటలా స్ప్రే కొడుతున్నానని రాశావు. ప్రేమతోనే చేస్తున్నావు, నాకు తెలుసు, కానీ కొత్తవాళ్ళ దగ్గర ఎక్కువ పోయేవి ఇలాగే, లోపల గాలి ఆడక, మట్టి కుళ్ళి వాసన పట్టి.

ఈ ఆదివారం ఇలా చెయ్యి. ఎడమవైపు మూడో వంతు మాత్రం నాచు ఉంచి మిగతాది తీసేయ్. ఆ మూల ఒక్కటే తడుపు, నీళ్ళు నేరుగా అక్కడే పొయ్యి, పైనుంచి అంతా చల్లొద్దు. నీళ్ళు మట్టిలోంచి కిందకి దిగి ఆ పక్క అడుగున చెమ్మ నిలుస్తుంది, కుడివైపు దానంతటదే పొడిగా ఉంటుంది. చెయ్యి పెట్టి చూస్తే తడి మూల పిండిన గుడ్డలా ఉండాలి, పిండితే నీళ్ళు కారకూడదు. గాలికి రెండు ఎదురెదురు గోడలకి కన్నాలు పెట్టి సన్నని స్టీల్ మెష్ అంటించు, ఒక్క మూతకే పెడితే గాలి అడ్డంగా పారదు. కుళాయి నీళ్ళు రాత్రంతా గిన్నెలో ఉంచితే క్లోరిన్ పోతుంది అంటారు, అది నిజమే, కానీ అమెరికాలో చాలా ఊళ్ళలో క్లోరిన్‌కి అమ్మోనియా కలిపిన క్లోరమిన్ వాడతారు, అది అలా పోదు. చేపల తొట్టెల వాళ్ళు వాడే వాటర్ కండిషనర్ ఒక చుక్క వేసుకో, లేదా మీ ఇంట్లో ఆర్ఓ ఉంటే ఆ నీళ్ళే వాడు.

మట్టి కనీసం మూడు అంగుళాలు ఉండాలి, నీది ఒకటిన్నర కూడా లేనట్టుంది. కోకోపీట్, అదే కొబ్బరి పొట్టు, ఒక్కటే వేస్తే అందులో తినడానికి ఏమీ ఉండదు. ఆర్గానిక్ మట్టి, బాగా కుళ్ళిన ఆకుపొడి, చేత్తో నలిపితే పొడైపోయే తెల్లగా పుచ్చిన కట్టె, ఈ మూడూ కలుపు. ఎరువులు కలిపిన పాటింగ్ మిక్స్ కొనకు. తెల్ల పుచ్చు కట్టె అంటే వాటికి మనకి అన్నం ఎంతో అంత. నేను ఒకసారి అరచెయ్యంత ముక్క పెట్టాను, రెండు నెలల్లో లోపలంతా తవ్వేసి పైన పొర ఒక్కటి కాగితంలా మిగిల్చాయి.

ఆకులు. నీ ట్యాంక్‌లో నేను లెక్కపెట్టాను, ఏడు ఆకులు ఉన్నాయి, అలంకారంగా పెట్టావు. ఆకు వాటి తిండి చిన్నా, కింద మట్టి కనపడనంత మందాన వెయ్యాలి, అవి తినేకొద్దీ మళ్ళీ వేస్తూ ఉండాలి. ఓక్, మేపుల్ ఆకులు గోధుమరంగుకి వచ్చి రాలినవే ఏరుకో, మందు కొట్టే లాన్‌ల దగ్గరవి ముట్టుకోవద్దు, పైన్, సీడర్, యూకలిప్టస్ అసలు వద్దు. తెచ్చాక ఓవెన్‌లో 200 ఫారెన్‌హీట్‌లో అరగంట పెట్టి చల్లార్చు, లేదా మరిగే నీళ్ళు పోసి వడకట్టు. పెట్ షాపుల్లో ఇండియన్ ఆల్మండ్ లీవ్స్ అని పది ఆకులు ప్యాకెట్ చేసి డాలర్లకి అమ్ముతారు చూశావా, అవి మన బాదం ఆకులే, మీ అమ్మమ్మ గారి పెరట్లో ఊడ్చి పోగేసేవాళ్ళం, ఎర్రగా పండినవి ఏరి మా నాయనమ్మ విస్తళ్ళు కుట్టేది. అవి చాలా మంచివి, వీటికి ఇష్టం కూడా. కానీ ఇండియా నుంచి వచ్చేటప్పుడు సూట్‌కేసులో ఆకులు, మట్టి, ప్రాణమున్నవి ఏవీ తేవద్దు, మీ అమ్మతో తెప్పించవద్దు, ఎయిర్‌పోర్ట్‌లో ఇబ్బంది పడతారు.

ఇప్పుడు నా సంగతి ఒకటి చెప్తాను, ఇది ఇప్పటిదాకా నీకు చెప్పలేదు. ఆరేళ్ళ కిందట డిసెంబర్‌లో ఐదు వారాలు ఇండియా వెళ్ళాం. నా దగ్గర అప్పుడు జీబ్రాలు అనే ఐసోపాడ్‌లు ఉండేవి, ఆర్మడిల్లిడియం మాక్యులేటమ్ అంటారు, దక్షిణ ఫ్రాన్స్‌వి, నలుపు మీద తెల్ల చారలు, ముట్టుకుంటే మిరియపు గింజలా చుట్టుకుంటాయి. పన్నెండుతో మొదలుపెట్టి రెండేళ్ళలో వందకి పైగా అయ్యాయి. వెళ్ళే ముందు బాగా తడిపి వెళ్ళాను, సరిపోతుందనుకున్నా. కానీ బాక్స్ పెట్టింది హీటర్ గాలి వచ్చే వెంట్ పక్కన, ఇక్కడ నార్త్ కరొలైనాలో చలికాలం హీటర్ ఆగకుండా నడుస్తుంది కదా, ఆ వేడి గాలికి మట్టి పిడకలా ఎండిపోయింది. తిరిగొచ్చి బ్యాగులు కూడా దించకుండా మూత తీశాను. పొడి వైపు అంతా తేలికైపోయిన డిప్పలు. నాచు ఉండే మూలలో బెరడు ఎత్తితే దాని కింద ఒకదాని మీద ఒకటి ఎక్కి ముద్దగా, ఉన్న చివరి చెమ్మ చుట్టూ దగ్గర దగ్గరగా ఒదిగి, పందొమ్మిది బతికి ఉన్నాయి. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. ఇప్పుడు నా దగ్గరున్న జీబ్రాలన్నీ ఆ పందొమ్మిదింటి పిల్లలే. అందుకే చెప్తున్నా, వెంట్‌కి, కిటికీ ఎండకి దూరంగా పెట్టు, 70 నుంచి 78 డిగ్రీల ఫారెన్‌హీట్ మధ్య ఉంటే చాలు, ఊరెళ్తే వారానికొకసారి వచ్చి ఆ ఒక్క మూల తడిపే మనిషిని చూసుకో, ఎంత పొయ్యాలో గ్లాసు మీద గీత గీసి ఇవ్వు.

తిండి విషయం తొందరగా చెప్పేస్తా. ఆకు, కట్టె ఎప్పుడూ ఉండాలి. వారానికి రెండుసార్లు క్యారెట్ ముక్కో బీరకాయ తొక్కో దోసకాయ ముక్కో, బాగా కడిగి, మందు వాసన లేనివి, మర్నాటికి మిగిలితే తీసేయ్. పది రోజులకి ఒకసారి ప్రోటీన్, చేపల తిండి చిటికెడు చాలు. మన ఇండియన్ స్టోర్ ఎండు రొయ్యలు పెట్టొచ్చా అని అడిగావు, ఉప్పు పట్టించినవి అయితే వద్దు, ఉప్పు లేనివి దొరికితే నానబెట్టి రెండుసార్లు కడిగి ఒకటి పెట్టు. కాల్షియం మర్చిపోకు, ఆ డిప్ప కట్టేది దాంతోనే. గుడ్డు పెంకులు ఉడికించి ఆరబెట్టి మిక్సీలో మెత్తగా పొడి కొట్టి పొడి వైపు చల్లు, ఒక మూల కటిల్‌బోన్ ముక్క, అంటే కటిల్‌ఫిష్ లోపలి గుల్ల, పడెయ్.

నువ్వు భయపడి రాసిన ఆ సగం తెల్లది జబ్బు కాదు. అవి కుబుసం రెండు విడతల్లో విడుస్తాయి, ముందు వెనక సగం, ఆ తర్వాత ఒకట్రెండు రోజులకో ఇంకాస్త ఆగో ముందు సగం. మధ్యలో చూస్తే రెండు వేరే జంతువులు అతికించినట్టు ఉంటుంది. విడిచిన దాన్ని తనే తినేస్తుంది, అందులో కాల్షియం పోనివ్వదు. ఆ టైమ్‌లో ఒళ్ళు మెత్తగా ఉంటుంది, దాన్ని చేత్తో ఎత్తకు, బెరడు కదపకు. ప్రోటీన్ కరువైతే పక్కవే దాన్ని కొరుకుతాయి కూడా. భయపడాల్సింది వేరే ఉంది, ఒకటి ఉన్నట్టుండి నిగనిగలాడే నీలం, ఊదా రంగుకి తిరిగితే అది వైరస్, దానికి మందు లేదు, వెంటనే వేరే డబ్బాలో పెట్టు. బయట తోటలో దొరికినవి తెచ్చి వీటిలో కలపొద్దని చెప్పేది అందుకే.

తెల్లగా దుమ్ములా ఉండి గెంతే చిన్నవి స్ప్రింగ్‌టెయిల్స్, వాటిని చంపకు, బూజు తినిపెట్టేవి అవే, లేకపోతే కొనైనా వెయ్యి. ఇంకోటి, మీ అపార్ట్‌మెంట్‌లో నెలకోసారి మందు కొట్టడానికి వస్తారు కదా, ఆ రోజు బాక్స్ మొత్తం గుడ్డ కప్పి స్నేహితుడింటికి పంపెయ్, చీమల చాక్ ఆ టేబుల్ దరిదాపుల్లో గియ్యొద్దు. రొయ్యల చుట్టాలు అని చెప్పా కదా, పురుగుల మందు వీటిని కూడా ఇట్టే చంపేస్తుంది.

రబ్బర్ డకీలు అనే రకం ఐసోపాడ్‌లు కొంటానన్నావు. ఇప్పుడే వద్దు నాన్నా. థాయిలాండ్ సున్నపురాతి గుహలవి అవి, ముఖం బాతుపిల్లలా ఉంటే ముద్దొస్తుంది, నిజమే, కానీ ఖరీదు ఎక్కువ, పిల్లలు పెట్టేది తక్కువ, తేమ కాస్త తేడా వచ్చినా తట్టుకోవు. నీ దగ్గరున్న పౌడర్ ఆరెంజ్ రకంతోనే ఒక ఏడాది చెయ్యి. అవి నీ తప్పులు ఓర్చుకుంటాయి, తొందరగా పెరుగుతాయి. పెరిగినవి ఎక్కువైపోతే పెరట్లోనో పార్క్‌లోనో వదలొద్దు, పెంచుకునేవాళ్ళకి ఇవ్వు, పాత మట్టి పారేసే ముందు రెండు రోజులు ఫ్రీజర్‌లో పెట్టు.

రాత్రి పదకొండు తర్వాత లైట్లన్నీ ఆర్పేసి ఫోన్ టార్చ్‌కి ఎర్ర కాగితం చుట్టి చూడు, అప్పుడే బయటికొస్తాయి. పొట్ట కింద లేత పసుపు రంగు సంచి ఉబ్బి ఉంటే అది తల్లి, గుడ్లు అందులోనే మోస్తుంది, పిల్లలు గుడ్లలోంచి వచ్చాక కూడా కొన్నాళ్ళు ఆ సంచి తడిలోనే ఉంటాయి. సంచిలోంచి బయటికొచ్చినప్పుడు బొంబాయి రవ్వ గింజంత ఉంటాయి, తెల్లగా, పెద్దవాటిలా పద్నాలుగు కాళ్ళు ఉండవు అప్పటికి, పన్నెండే, ఆఖరి జత తర్వాత వస్తుంది. నువ్వు పంపిన మూడో ఫోటోలో బెరడు అంచున అడ్డం తిరిగి ఉన్నది నాకు తల్లిలానే అనిపించింది. నాచు తీసేటప్పుడు ఆ బెరడు మాత్రం కదపకు, దాని చుట్టూ పని చేసుకో. అయ్యాక ఫ్లాష్ వెయ్యకుండా ఒక ఫోటో తీసి పంపు, మీ అమ్మకి నేను చూపిస్తా.

మీ పెద్దమ్మ