యాప్ వేసే ముందు రీస్టోర్ స్క్రిప్టు చదువు

చి. కార్తీక్‌కు,

మామయ్య ఆశీస్సులు. రాత్రి ఫోన్‌లో నువ్వడిగింది రెండు ముక్కల్లో తేలేది కాదు, అందుకే కూర్చుని రాస్తున్నాను.

మూలన పడున్న ల్యాప్‌టాప్‌కి డెబియన్ 12 (లినక్స్‌లో ఒక రకం) వేసి, దాని మీద ఇంట్లోనే సొంత సర్వర్ నడుపుకునే యునోహోస్ట్ పెట్టి, ఇంట్లో అందరికీ అకౌంట్లు చేశావని విని చాలా సంతోషం వేసింది. బావగారి ఫొటోలు, అక్క క్యాలెండరు ఇప్పుడు మీ హాల్లోనే ఉన్నాయి. ఇక యునోహోస్ట్ వాళ్ల యాప్‌ల జాబితా, అదే కేటలాగులో లేని యాప్ లింకు ఒకటి గ్రూపులో కనబడింది, వేసేయనా అన్నావు. వెయ్యి. కానీ ముందు ఒక అరగంట దాన్ని చదువు.

ఫోన్‌లో యాప్‌ని ఎవరి గదిలో వాళ్లను పెట్టి తలుపేసినట్టు ఉంచుతారు. ఇక్కడ అలా కాదు. యునోహోస్ట్ ప్యాకేజీ అంటే యాప్ వివరాలుండే ఒక మానిఫెస్ట్ ఫైలు, ఇన్‌స్టాల్, రిమూవ్, బ్యాకప్, రీస్టోర్ లాంటి ఒక్కో పనికి కమాండ్లు రాసిన కొన్ని షెల్ స్క్రిప్టులు. ఆ స్క్రిప్టులు రూట్‌గా, అంటే మెషీన్ మీద సర్వాధికారాలతో నడుస్తాయి. అంటే ముక్కూమొహం తెలియని మనిషికి ఇంటి తాళాలగుత్తి మొత్తం ఇస్తున్నావన్నమాట. కమాండ్ లైన్‌లో బయటి లింకు ఇస్తే పెద్ద హెచ్చరిక చూపించి, అది అడిగిన మాట పూర్తిగా టైప్ చేస్తే తప్ప ముందుకు పోనివ్వదు. ఊరికే అలా పెట్టలేదు.

చదవడం అనగానే అందరూ ఇన్‌స్టాల్ స్క్రిప్టు తెరుస్తారు. నువ్వు రిమూవ్, బ్యాకప్, రీస్టోర్ ఈ మూడూ ముందు తెరువు. ఎందుకో చెబుతాను.

చాలా ఏళ్ల కిందట ఎవరో చేసి పంచిన నోట్స్ యాప్ ఒకటి వేశాను. మీ అమ్మమ్మ పక్కన కూర్చుని చెబుతుంటే మీ అత్తయ్య అందులో టైప్ చేసేది. ఆవకాయకి ఎన్ని కాయలకి ఎంత ఆవపిండి, మాగాయ ముక్క ఎన్నాళ్లు ఎండాలి, అప్పగింతల పాటలు, అన్నీ. నేను ప్రతి ఆదివారం బ్యాకప్ తీసేవాణ్ని. ఫైలు తయారయ్యేది, సైజు కనబడేది, నిశ్చింతగా ఉండేవాణ్ని. ఒకరోజు డిస్క్ పోయింది. టెన్షన్ పడలేదు. కొత్త డిస్క్ వేసి రీస్టోర్ కొట్టాను, ఏ ఎర్రరూ లేకుండా అయిపోయింది. యాప్ తెరుచుకుంది. లోపల ఒక్క నోటు లేదు. బ్యాకప్ స్క్రిప్టు తెరిచి చూస్తే, అది యాప్ ఫోల్డర్‌ని కాపీ చేసింది, వెబ్ సర్వర్ ఇంజిన్‌ఎక్స్ సెట్టింగుల ఫైలుని కాపీ చేసింది. నోట్సన్నీ ఉండే డేటాబేస్‌ని డంప్ తీసే, అంటే మొత్తం ఒక ఫైల్లోకి దించే వరుస అసలు రాయనే లేదు. ఒక్క వరుస. అప్పటికి అమ్మ పోయి ఏడాది దాటింది, మళ్లీ అడిగి రాసుకుందామంటే మనిషి లేదు.

ఆ ప్యాకేజీ చేసినతను చెడ్డవాడు కాదురా. తనకి పనికొచ్చింది, నలుగురికీ ఉపయోగపడుతుందని పెట్టాడు. రీస్టోర్ ఒక్కసారీ చేసి చూసుకోలేదు. నేనూ చూసుకోలేదు.

అందుకని బ్యాకప్‌లో డేటాబేస్ డంప్ ఉందా, రీస్టోర్‌లో దాన్ని మళ్లీ ఎక్కించే వరుస ఉందా చూడు. రిమూవ్‌లో ఫోల్డర్లు కొట్టేసేచోట యునోహోస్ట్ ఇచ్చిన సురక్షిత డిలీట్ హెల్పర్ వాడారా, లేక ఏదీ అడక్కుండా తుడిచేసే ఆర్‌ఎం కమాండే నేరుగా రాసేశారా చూడు. ఫోల్డర్ పేరు ఉండాల్సిన వేరియబుల్ ఖాళీగా ఉన్నప్పుడు ఆ కమాండ్ ఏం తుడిచేస్తుందో ఎవరూ చెప్పలేరు. ఆ తర్వాత మానిఫెస్ట్‌లో సోర్స్, అంటే అసలు యాప్ కోడ్, ఎక్కణ్నుంచి దిగుతోందో చూడు. అసలు యాప్ తయారుచేసినవాళ్ల రిలీజ్ పేజీ నుంచే రావాలి, పక్కన షా-256 చెక్‌సమ్ (దిగిన ఫైలు మారలేదని సరిచూసే అంకెల వరుస) ఉండాలి. ఎవరి సొంత సర్వర్ నుంచో జిప్ దిగుతుంటే అక్కడితో మానేయి.

కేటలాగులో ఉన్న యాప్‌లకి నాణ్యత చెప్పే ఒక లెవెల్ అంకె ఉంటుంది. ఇన్‌స్టాల్, రిమూవ్, అప్‌గ్రేడ్, బ్యాకప్, రీస్టోర్ ఆటోమేటిక్ టెస్టులతో చేయించి ఇచ్చే అంకె కాబట్టి నమ్మొచ్చు. బయటి లింకుకి ఆ అంకె కూడా ఉండదు, ఆ పరీక్ష నువ్వే పెట్టాలి. వర్చువల్ మెషీన్‌లో, అంటే కంప్యూటర్ లోపలే నడిచే ఉత్తుత్తి కంప్యూటర్‌లో, ఇంకో యునోహోస్ట్ వేసుకో. అందులో ఆ యాప్ పెట్టి, నాలుగు ఎంట్రీలు రాసి, బ్యాకప్ తీసి, పర్జ్‌తో సహా (డేటా కూడా పోయేలా) రిమూవ్ చేసి, రీస్టోర్ కొట్టు. నాలుగు ఎంట్రీలూ తిరిగొస్తేనే మీ హాల్లో మెషీన్ మీదకి తీసుకెళ్లు. ఇంకో సంగతి, అప్‌గ్రేడ్‌కి ముందు యునోహోస్ట్ తనంతట తానే బ్యాకప్ తీస్తుంది కానీ అందులో పెద్ద డేటా ఫోల్డర్ ఉండకపోవచ్చు. ఫొటోల యాప్ అప్‌గ్రేడ్ చేసేరోజు ఆ ఫోల్డర్‌ని ఎక్స్‌టర్నల్ డిస్క్‌లోకి విడిగా కాపీ చేసుకో.

ఇక నువ్వు సొంతంగా చేసిన ప్యాకేజీ సంగతి. నువ్వు పంపిన లింకు తెరిచి మొత్తం చదివాను. ఎగ్జాంపుల్ టెంప్లేట్‌తో మొదలుపెట్టడం, రిపో (కోడ్ దాచే గిట్ ఫోల్డర్) పేరు చివర అండర్‌స్కోర్ వైఎన్‌హెచ్ అని పెట్టడం, అన్నీ పద్ధతిగా ఉన్నాయి. రెండు చోట్ల మాత్రం ఆగిపోయాను.

ఒకటి, ఇంజిన్‌ఎక్స్ కాన్ఫ్ (సెట్టింగుల ఫైలు)లో మీ ఇంటి డొమైన్ పేరే నేరుగా రాసేశావు. నీ దగ్గర నడుస్తుంది, ఇంకెవరి దగ్గరా నడవదు. ముందూ వెనకా రెండేసి అండర్‌స్కోర్లతో డొమైన్ అని పెద్దక్షరాల్లో రాస్తే, వాళ్లు ఎంచుకున్న డొమైన్ దానంతటదే అక్కడ పడుతుంది. పోర్టుకీ, పాత్‌కీ ఇదే పద్ధతి.

రెండోది పెద్దది. పాత కమిట్‌లో, అంటే గిట్‌లో నువ్వు మునుపు భద్రపరిచిన మార్పులో, డేటాబేస్ పాస్‌వర్డ్ ఉంది. తర్వాత కమిట్‌లో తీసేశానని అనుకుంటున్నావేమో, గిట్ హిస్టరీలో అలాగే ఉంది, నాకు రెండు నిమిషాల్లో దొరికింది. ఈ ఉత్తరం పక్కనపెట్టి ముందు ఆ పాస్‌వర్డ్ మార్చు. రిపోని కూడా హిస్టరీ లేకుండా కొత్తగా పెట్టు, ఇంకా ఎవరూ వాడట్లేదు కాబట్టి ఇబ్బంది లేదు.

ఈ రెండూ సరిచేశాక ప్యాకేజీలో తప్పులు వెతికే ప్యాకేజ్ లింటర్, దాన్ని వేసి తీసి పరీక్షించే ప్యాకేజ్ చెక్ నడుపు. మార్పులన్నీ మొదట టెస్టింగ్ బ్రాంచ్ (రిపోలో పరీక్షకోసం ఉంచే శాఖ)లోకే వెళ్లాలి. మానిఫెస్ట్‌లో మెయింటైనర్లు అని ఒక వరుస ఉంటుంది. అక్కడ పేరు రాస్తే, కొత్త వెర్షన్ వచ్చినప్పుడు నువ్వు చూసుకుంటావని నమ్మి, ముక్కూమొహం తెలియనివాళ్లు వాళ్ల ఇంటి డేటా నీ స్క్రిప్టుల చేతిలో పెడతారు. వచ్చే సెమిస్టర్‌లో టైమ్ ఉండదనిపిస్తే ఆ వరుస ఖాళీగా వదిలేయి. అదేం తప్పు కాదు. చూస్తానని రాసి చూడకపోవడమే తప్పు.

ఎక్కడైనా ఆగిపోతే స్క్రీన్‌షాట్లు పంపకు. లాగ్ షేర్ కమాండ్ కొడితే మొత్తం లాగ్‌కి ఒక లింకు వస్తుంది. అందులోంచి పాస్‌వర్డ్‌లు అదే తీసేస్తుంది, అయినా పంపేముందు ఒకసారి కళ్లతో చూసుకో.

శనివారానికి సరిచేసి పెట్టు. నా దగ్గరున్న పాత మెషీన్‌లో నీ యాప్ వేసి, మీ అత్తయ్యకి ఇంకా గుర్తున్న మాగాయ కొలత ఒకటి అందులో రాయిస్తాను. ఆదివారం దాన్ని తుడిచేసి రీస్టోర్ కొడతాను, అది తిరిగొచ్చిందో లేదో ఫోన్ చేసి చెబుతాను.

ఇట్లు,
మామయ్య