శ్రావణికి: పెన్ను పట్టే ముందు

చిక్కడపల్లి,
హైదరాబాద్.

చిరంజీవి శ్రావణికి, పెద్దనాయన ఆశీస్సులు.

గురజాడ నాటకం కన్యాశుల్కం మీద ఒకటి, గోలకొండ పత్రిక నడిపిన సురవరం ప్రతాపరెడ్డి మీద ఒకటి, పదిహేను రోజుల్లో రెండు వ్యాసాలు ఇవ్వాలటగా. మీ అమ్మ ఫోన్‌లో చెప్పింది. ఒక్కోటి ఐదారు పేజీలంటే గడువు చాలు. కాకపోతే పదో రోజు దాకా పెన్ను ముట్టుకోకు.

కాలేజీ వాళ్లు నీకిచ్చింది శీర్షిక, ప్రశ్న కాదు. ‘కన్యాశుల్కం – సంఘసంస్కరణ’ అన్నదాన్ని అట్లాగే నెత్తికెత్తుకుంటే గురజాడ పుట్టుక దగ్గర మొదలుపెట్టి, కథంతా చెప్పుకుంటూ పోయి, ‘నేటికీ ఆదర్శప్రాయం’ దగ్గర తేలుతవు. తరగతిలో మిగతా అందరూ అక్కడే తేలుతరు. అందుకే శీర్షికలోంచి చిన్న ప్రశ్న ఒకటి పిండుకోవాలె. ముసలి లుబ్ధావధాన్లుకు ఇవ్వబోయిన చిన్నపిల్ల సుబ్బి పెళ్లి తప్పింది సంస్కర్తల వల్లనా, మోసం వల్లనా? ఇట్లాంటిదన్నమాట. గిరీశం వితంతు వివాహాల మీద ఉపన్యాసాలు దంచుతాడు, చివరికి సుబ్బి అక్క, వితంతువు బుచ్చమ్మను లేవదీసుకుపోతాడు. పెళ్లి తప్పించింది మాత్రం సుబ్బి మేనమామ కరటకశాస్త్రి. శిష్యుడికి ఆడపిల్ల వేషం వేసి లుబ్ధావధాన్లుకు కట్టబెట్టాడు. అందులో వేశ్య మధురవాణి చెయ్యి ఉంది. అంత మంచివాడైన వకీలు సౌజన్యారావు పంతులికి కూడా ఆఖరున చిక్కు విప్పింది ఆమే. ఈ నాలుగు సంగతులు పక్కపక్కన పెడితే చాలు, వ్యాసం దానంతటదే నడుస్తుంది. ఇది నా ప్రశ్న సుమా. నీది నువ్వే వెతుక్కో.

నాటకం రెండుసార్లు చదవాలె. మొదటిసారి పెన్సిల్ పక్కన పడేసి, నవ్వుకుంటూ చదువు. నవ్వు రాకుండా కన్యాశుల్కం మీద రాసిన వ్యాసం ఉప్పు లేని పప్పు. రెండోసారి ప్రశ్న మనసులో పెట్టుకొని, చీటీలు దగ్గర పెట్టుకొని చదువు. పోస్టుకార్డులో సగమంత చీటీ, దానికి ఒక్కటే సంగతి. పైన అంకం, పేజీ. మధ్యన పుస్తకంలోని మాట, అక్షరం మార్చకుండా. కింద, ఆ మాట నీ ప్రశ్నకు ఏం జవాబిస్తుందో నీ సొంత వాక్యం ఒకటి. ఆ వాక్యం తోచలేదంటే చీటీ చింపెయ్. ముప్పై రాస్తే పది పనికొస్తాయి.

నీ చేతిలో ఉన్నది ఏ కూర్పో చూసుకో. నాటకం 1892లో విజయనగరంలో ఆడారు, 1897లో అచ్చయింది, 1909లో గురజాడ బాగా మార్చి రెండో కూర్పు వేశారు. ఇప్పుడు దుకాణాల్లో దొరికేది ఎక్కువగా ఏడంకాల ఆ రెండోదే. రెండు కూర్పుల మాటలు కలిపేస్తే దిద్దేవాళ్లు వెంటనే పట్టేస్తరు. సినిమా చూసి రాసినా అంతే.

ఈ నాటకం మీద రాసేటప్పుడు దొర్లే తప్పులు కొన్ని ఏళ్ల తరబడి అవే. కన్యాశుల్కాన్ని వరకట్నం అనుకొని రెండు పేజీలు రాసేస్తరు. శుల్కం తీసుకునేది పిల్ల తండ్రి, ఇచ్చేది ముసలి వరుడు. ఇది తలకిందులైతే ఇంక చదవడానికేం లేదు. విజయనగరం అనగానే హంపీని తెచ్చిపెట్టే వాళ్లున్నరు, అది ఉత్తరాంధ్ర విజయనగరం. ఆ రోజుల్లో వితంతువు మళ్లీ పెళ్లాడటం చట్టవిరుద్ధమనీ రాస్తరు. చట్టం 1856లోనే ఒప్పుకుంది, ఒప్పుకోనిది ఊరు. సంస్కర్త కందుకూరి వీరేశలింగం రాజమండ్రిలో తొలి వితంతు వివాహం 1881 డిసెంబరు 11న జరిపించారు. చట్టం వచ్చిన పాతికేళ్లకు! ఆ పాతికేళ్ల ఎడం ఎందుకొచ్చిందన్నదే మంచి ప్రశ్న, కావాలంటే తీసుకో.

ఇంకొకటి, పాత్ర మాటను రచయిత నోట్లో పెట్టకు. ‘దేశభాషలందు తెలుగు లెస్స’ అని కృష్ణదేవరాయలు చాటాడని ప్రతి వ్యాసంలోనూ ఉంటుంది. రాయలు రాసిన ఆముక్తమాల్యదలో ఆ మాట అన్నది కలలో కనిపించిన ఆంధ్రవిష్ణువు. పైగా అంతకు ముందటి క్రీడాభిరామంలోనూ ఆ పాదం ఉంది. అట్లాగే గిరీశం ప్రగల్భాలు గురజాడ అభిప్రాయాలు కావు. ఎవరు, ఎవరితో, ఏ అవసరం కొద్దీ అన్నారో ముందు చెప్పి అప్పుడు మాట ఉటంకించు. ఒక్కోటి రెండు పంక్తులు దాటొద్దు, మొత్తం మీద ఐదు మించొద్దు. ఎత్తుగడకు ‘దేశమంటే మట్టికాదోయ్’ పెట్టకు, అది ఈ నాటకంలోది కాదు.

ఇక ప్రతాపరెడ్డి. మనిషి మీద రాసేటప్పుడు పుట్టుక, చదువు, పదవులు, మరణం అని వరుస పెడితే అది ట్యాంక్‌బండ్ విగ్రహం కింది పలక అవుతుంది. 1896 నుంచి 1953 దాకా ఆయన చేసిన పనుల్లో ఒక్కటి పట్టుకో. నన్నడిగితే గోలకొండ కవుల సంచిక. తెలంగాణలో కవులే లేరన్న మాటకు వాదన పెట్టుకోకుండా 354 మంది కవులతో 1934లో పుస్తకం అచ్చేశాడాయన. ఎందుకంత పట్టుదల వచ్చింది? నిజాం రాజ్యంలో పై చదువు ఉర్దూలో. 1921లో మన హైదరాబాద్ సభలోనే తెలుగులో మాట్లాడబోయినాయనను మాట్లాడనివ్వలేదు, ఆంధ్రజనసంఘం పుట్టింది దాని తర్వాతనే. గోలకొండ పత్రిక 1926లో వచ్చింది. ఈ వరుస ఒక పేరాలో చెప్పి సంచికలోకి దిగు. ఆ కవులు ఏ ఊళ్లవాళ్లు, అందులో ఆడవాళ్లెందరు, వేలు పెట్టి లెక్కపెట్టు. నువ్వు లెక్కపెట్టిన అంకె ఎవరి ఫోన్‌లోనూ దొరకదు.

‘ఆంధ్రుల సాంఘిక చరిత్రకు కేంద్ర సాహిత్య అకాడమీ అవార్డు అందుకున్నారు’ అని రాయబోతవు, ఆగు. అవార్డు ప్రకటించింది 1955లో, అప్పటికి ఆయన లేరు. అకాడమీ పుట్టిందే 1954లో. ఇట్లాంటి చోట్ల రెండు తేదీలు పక్కపక్కన రాసి చూసుకుంటే తప్పు దానంతటదే బయటపడుతుంది.

పుస్తకాల కోసం మొదట సుల్తాన్‌బజార్ శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయానికి పో, 1901 నాటిది. లేకుంటే మా ఇంటి దగ్గర నగర కేంద్ర గ్రంథాలయం ఉండనే ఉంది. సొంతానికి ఒక ప్రతి కావాలంటే ఆదివారం అబిడ్స్ ఫుట్‌పాత్ చూడు, పేజీలు చినిగినయో లేదో చూసి కొను.

రాసేటప్పుడు నడిమి పేరాలు ముందు రాయి, మొదటి పేరా ఆఖర్న. ఏం రుజువైందో తేలకుండా ఎత్తుగడ రాస్తే ‘సాహితీ వినీలాకాశంలో ధ్రువతార’ వచ్చి కూచుంటుంది. ‘చేసెను’, ‘చేశాడు’ కలపకు. గురజాడ మీద గ్రాంథికంలో రాస్తే ఆయనే నవ్వుతడు. రాసింది ఒక రాత్రి పక్కన పడేసి పొద్దున పైకి చదువు, ఊపిరి ఆడని చోట వాక్యం విరువు.

పదో రోజు ఆదివారమే పడుతుంది. చీటీల కట్ట పట్టుకొని పొద్దున్నే రా, ఏవి చింపాలో కలిసి చూద్దం. మీ పెద్దమ్మ సర్వపిండి చేస్తనంది.

ఇట్లు,
మీ పెద్దనాయన