రెండో స్లైడు

చిరంజీవికి ఆశీస్సులు.

తెల్ల రక్తకణాల్లో పుట్టే క్యాన్సర్ లింఫోమాకి ఇచ్చే కార్-టి చికిత్స మీద నీ వ్యాసం రెండుసార్లు చదివాను. రోగి రక్తంలోంచి టి కణాలనే రోగనిరోధక కణాలు తీయడం, ల్యాబ్‌లో వాటికి, బి కణాల మీద ఉండే సీడీ19 అనే ప్రొటీన్‌ని పట్టుకునే రిసెప్టర్ అమర్చడం, పెంచి మళ్లీ ఎక్కించడం... కార్-టి చికిత్స గురించి ఇంత తేలిగ్గా అర్థమయ్యేలా రాసినవాళ్లు తక్కువ. నన్ను ఆపింది ఒక్క వాక్యం. "కొన్ని నెలలకు లింఫోమా తెలివిగా వేషం మార్చుకుని తిరిగొచ్చింది" అన్నావు.

ఆ వాక్యం తీసెయ్యమ్మా.

ఒకప్పుడు నేనూ ఒక వ్యాసంలో "మొండి క్యాన్సర్" అని రాశాను. అది చదివి ఒకావిడ ఫోన్ చేసింది. "మా ఆయనది మొండిదేనాండీ? మేం ఆలస్యం చేశామా?" అని అడిగింది. మనం కణానికి బుద్ధి అంటగడితే, చదివే ఇంట్లోవాళ్లు తప్పు తమ మీద వేసుకుంటారని ఆరోజే తెలిసింది. ఆ ఫోన్ ఇప్పటికీ మర్చిపోలేదు.

అసలు జరిగేది వేరు. గడ్డలో ఉన్న కోట్ల కణాలు ఒక్కలా ఉండవు. సీడీ19 తక్కువగా ఉన్నవి, జన్యుమార్పు వల్ల అసలు లేనివి కొన్ని ముందే ఉండొచ్చు, తర్వాతైనా పుట్టొచ్చు. టి కణాలు సీడీ19 ఉన్నవాటిని చంపుతాయి. లేనివి మిగిలి, పెరుగుతాయి.

ఒకసారి ఒక పాథాలజిస్టు నన్ను పక్కన కూర్చోబెట్టుకుని, ఇద్దరూ ఒకేసారి చూడగలిగే మైక్రోస్కోపులో ఇలాంటిది చూపించారు. మొదటి స్లైడు సీడీ20ది, అదీ బి కణాల మీద ఉండే మరో ప్రొటీనే. అది ఉన్నచోట గోధుమరంగు పడుతుంది. ప్రతి కణం చుట్టూ గోధుమరంగు గీత, పిల్లలు స్కెచ్ పెన్నుతో దిద్దినట్టు. తర్వాత అదే ముక్కకు సీడీ19 పరీక్ష చేసిన స్లైడు పెట్టారు. అవే కణాలు, అదే గుంపు. గీత మాత్రం ఒక్కదానికీ లేదు. అంతా నీలం చుక్కలే. చికిత్సకు ముందు తీసిన ముక్కలో సీడీ19కీ గోధుమరంగే ఉండేదట. సీడీ19 ఒక్కటే చూసి ఊరుకుంటే బి కణాలే లేవనుకునే ప్రమాదం ఉందని, అందుకే సీడీ20, పాక్స్5, సీడీ79ఎ లాంటి బి కణాల మిగతా గుర్తులు కూడా చూస్తామని చెప్పారు.

తిరగబెట్టిందని అనుమానం వస్తే, వీలైనంతవరకు మళ్లీ బయాప్సీ చెయ్యాలనేది, అంటే ముక్క తీసి పరీక్షించాలనేది ఇందుకే. పాత రిపోర్టు పాత గడ్డ గురించే చెబుతుంది. పైగా స్కాన్‌లో వెలిగిందంతా క్యాన్సరే కానక్కర్లేదు, వాపు కూడా కావచ్చు. నీ వ్యాసంలో బయాప్సీ అనే మాటే లేదు, చూసుకో.

అలాగని తిరగబెట్టిన ప్రతి లింఫోమా సీడీ19 పోగొట్టుకుందని రాయకు. పెద్ద బి కణాల లింఫోమాలో చాలామందికి అది అలాగే ఉంటుంది. ఎక్కించిన టి కణాలే అలసిపోవడమో, ఎక్కువకాలం నిలవకపోవడమో కారణం కావచ్చు.

నువ్వు రాసిన "ముసుగు" ఉదంతం నిజమే. 2018లో పెన్సిల్వేనియా పరిశోధకులు ప్రచురించారు. తయారీలో పొరపాటున ఒకే ఒక్క క్యాన్సర్ కణంలోకి ఆ రిసెప్టర్ జన్యువు చేరింది. అది తన సీడీ19ని తానే కప్పేసింది. అక్కడ ముసుగు అన్నమాట అతికినట్టు సరిపోతుంది. కానీ అది లుకేమియా, అంటే రక్తంలో, ఎముక మజ్జలో పెరిగే క్యాన్సర్ వచ్చిన రోగి కథ. నువ్వు లింఫోమా కిందకి తెచ్చావు. రెండూ కలిపేయకు.

టి కణాల లింఫోమా పేరా కూడా విడిగా రాయి. అది పాత జబ్బు మారడం కాదు, చికిత్స తర్వాత కొత్తగా కనబడ్డ క్యాన్సర్. 2023 చివరికి అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ దృష్టికి వచ్చిన టి కణాల క్యాన్సర్లు 22. అప్పటికి ఇచ్చిన డోసులు 27,000 పైనే. 2024 జనవరిలో మందు సమాచారంలో హెచ్చరిక చేర్చమంది, చికిత్స మాత్రం ఆపమనలేదు. నువ్వు 22 రాసి 27,000 వదిలేశావు. చదివినవాళ్లకి ఎంత టెన్షన్!

ఇది మన పాఠకులకి దూరపు సంగతి కాదు. ఐఐటీ బాంబే, టాటా మెమోరియల్ కృషితో వచ్చిన నెక్స్‌కార్19 అనే కార్-టి చికిత్సకి 2023లో మన దేశంలో అనుమతి వచ్చింది. అదీ సీడీ19ని పట్టుకునేదే. లక్షల రూపాయలు పోగుచేసుకుని వెళ్లినవాళ్లు నీ వ్యాసం చదువుతారు. సీడీ19 పోయినా సీడీ20 మిగిలి ఉంటే దాన్ని పట్టుకునే గ్లోఫిటమాబ్, ఎప్‌కోరిటమాబ్ లాంటి మందులున్నాయని వాళ్లకి తెలియాలి. నువ్వు "దారులన్నీ మూసుకుపోయాయి" అని ముగించిన చోట, ఆ మొదటి స్లైడులోని గోధుమరంగు గీత గురించి రాయి.

రాసి ఆదివారంలోగా పంపు. చదివి ఫోన్ చేస్తాను.